ఆరబెట్టే గదిలో పదకొండు నిమిషాలు

మూతపడిన ఒక లాండ్రీలో షూటింగ్ ముగిసి తొమ్మిది రోజులైంది. సినిమా నిడివి పన్నెండు నిమిషాలు. ఉతకడానికిచ్చిన బట్టలు తెచ్చుకుందామని వెళ్ళిన ఒకావిడ, బట్టలు ఆరబెట్టే గదిలో చిక్కుకుపోతుంది. కథంతా అదే. ఫిల్మ్ స్కూల్లో ఆఖరి ఏడాది చదువుతున్న పిల్ల తీసే థ్రిల్లర్‌కి అంతకంటే ఎక్కువ కథ పెట్టుకుంటే మోయలేదని ఎడిటింగ్ మాస్టారు ముందే హెచ్చరించారు. ఆ పిల్లని క్లాసులో అందరూ మొండి అంటారు. మొదటి ఏడాదిలో తలుపు పిడి తిరిగే షాటుని ఇరవై మూడుసార్లు తీయించిన రోజున పడ్డ పేరది. ఇప్పుడు ఆమె కూడా ఫోనెత్తి "మొండిని మాట్లాడుతున్నా" అనేస్తుంది.

నిన్న మాస్టారు పదిహేడో షాటు దగ్గర సినిమాని ఆపారు. చూసిన ప్రతివాళ్ళూ మెచ్చుకున్న షాటు అదే. తెర మీద హీరోయిన్ ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. మెడ పక్కన నరం కొట్టుకోవడం తప్ప ఒంట్లో ఏదీ కదలడం లేదు. స్పీకర్లలో మాత్రం ఎవరో నింపాదిగా ఊపిరి పీలుస్తున్నారు, వదులుతున్నారు. "ఈ ఊపిరి ఎవరిదమ్మాయ్" అని అడిగారాయన.

ఈరోజు సాయంత్రం ఐదింటికల్లా సినిమాతోపాటు రెండు కాగితాలు ఇవ్వాలి. ఒకటి, తన ముఖాన్నీ గొంతునీ వాడుకోవడానికి తనకి అభ్యంతరం లేదని హీరోయిన్ సంతకం పెట్టిన కాగితం. రెండోది, "ఈ సినిమా తీస్తూ నేను నేర్చుకున్నవి" అనే నివేదిక. మొదటిది ఖాళీగా ఉంది. ఆఖరి షాటు తీసిన సాయంత్రం నుంచీ హీరోయిన్ ఫోనెత్తడం లేదు. రెండోది రెండు పేజీలు నిండింది.

మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుని మొండి ఆ రెండు పేజీలూ మళ్ళీ చదువుకుంది. భయపెట్టేది చీకటి కాదు, చీకటి ఎక్కడ మొదలవుతుందో ఆ గీత అని రాసింది. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఒకటుంటుందనీ, షాటు అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి ఆ నిశ్శబ్దాన్ని కూడా ఒక నిమిషం రికార్డు చేసుకోవాలనీ రాసింది. పక్కింట్లో ఏ పని జరుగుతుందో కనుక్కోకుండా లొకేషన్‌కి ఒప్పుకోకూడదనీ రాసింది, ఎందుకంటే లాండ్రీ పక్కనే వెల్డింగ్ షాపుంది. అన్నీ నిజాలే, ఏ ఒక్కదానికీ వంక పెట్టలేం. కానీ రాయనిది ఒకటుంది. ఆ ఒక్కటీ తప్పించుకోవడానికే మిగతావన్నీ రాసినట్టు అనిపించి, కాగితాలు మడిచి సంచిలో పెట్టేసింది.

హీరోయిన్ సినిమాలావిడ కాదు. మందుల షాపులో పనిచేస్తుంది, సెలవు రోజుల్లో నాటకాలాడుతుంది. ముప్పై దాటాయి, పెళ్ళయింది. మొండి, ఆమె జట్టులో సౌండు చూసే కుర్రాడూ కలిసి ఆవిణ్ణి హీరోయినక్క అని పిలవడం మొదలుపెడితే, మొదట నవ్వింది, తర్వాత అలవాటు పడింది.

మొండి వెళ్ళేసరికి షాపులో కొనేవాళ్ళెవరూ లేరు. హీరోయినక్క కౌంటర్ వెనక నిలబడి మాత్రల అట్టల్ని కత్తిరిస్తోంది. మొండిని చూసి కత్తెర ఆపింది. ఆశ్చర్యపోలేదు, ముఖం చిట్లించుకోలేదు.

"వస్తావనుకున్నా. లోపలికి రా" అంది.

షాపు వెనక సరుకు గది ఇరుగ్గా ఉంది. నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు, మధ్యలో ఇద్దరు నిలబడేంత చోటు. సిరప్పుల తీపి వాసన. హీరోయినక్క ఒక పెట్టె మీద కూర్చుని, ఇంకో పెట్టె చూపించింది. గది తలుపు మాత్రం మూయలేదు. మూసుకోబోతుంటే కాలు అడ్డం పెట్టి ఆపింది.

"అక్కా, సంతకం కోసం వచ్చాను" అంది మొండి. "సాయంత్రంలోగా ఇవ్వాలి. మీరు ఫోనెత్తకపోయేసరికి..."

"ముందు ఒకటి చెప్పు. ఆరోజు ఆరబెట్టే గది గడియ ఇరుక్కుపోయిందన్నావు."

మొండి తలూపింది.

"ఇరుక్కున్న ఇనుము గోల చేస్తుంది" అంది హీరోయినక్క. "గుంజినప్పుడల్లా కీచుమంటుంది. నాకు లోపల వినిపించింది అది కాదు. మెత్తగా జారిన చప్పుడు. నాకు వినపడకూడదని ఎవరో రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నెట్టిన చప్పుడు. అవునా కాదా?"

తొమ్మిది రోజులుగా ఎవరికీ చెప్పని మాట. మొండి పెట్టె అంచు పట్టుకుంది.

"అవునక్కా. నేనే పెట్టాను."

అనుకున్నది మూడు నిమిషాలు. కెమెరాని స్టాండు మీద నిలబెట్టి, మైకుని పైన బట్టలు తగిలించే కొక్కేనికి కట్టి, హీరోయినక్కని లోపల ఒంటరిగా వదిలి తలుపు దగ్గరికేస్తామని చెప్పింది. మూడు నిమిషాలయ్యాక తీస్తామంది. సౌండు కుర్రాడు వెల్డింగ్ షాపుకి వెళ్ళి, ఆయన పని మొదలుపెట్టకుండా కబుర్లలో పెట్టి కూర్చున్నాడు. నడవలో మొండి ఒక్కతే. మూడు నిమిషాలు అవుతుంటే ఆమెకి అనిపించింది, ఇంతవరకూ ఆవిడ నటిస్తోంది, ఇప్పుడు గడియ పెడితే అసలు భయం దొరుకుతుందని. పెట్టింది. పదకొండో నిమిషం దాకా తీయలేదు. తలుపుకి చెవి ఆనించి నిలబడింది. లోపల్నుంచి అరుపు వస్తే తీసేద్దామనుకుంది. అరుపు రాలేదు.

ఇదంతా చెప్పేసింది. దాచకుండా, నిమిషాలతో సహా. చెప్పాక, "తప్పు చేశానక్కా. మీరు సంతకం పెట్టకపోయినా నేనేమీ అనుకోను" అంది.

హీరోయినక్క తన చేతుల వంక చూసుకుంది.

"ఆరోజు ఇంటికెళ్ళాక నిన్ను తిట్టుకున్నాను. లేదనను" అంది. "కానీ నేను ఫోనెత్తకపోవడం గడియ గురించి కాదు."

"మరి?"

"నువ్వు బయట గడియ పెట్టి నిలబడితే, లోపల నాతో మాట్లాడిందెవరు?"

షాపు ముందు ఎవరో వచ్చి కౌంటర్ మీద వేళ్ళతో తట్టారు. హీరోయినక్క లేచి వెళ్ళి, దగ్గు మందిచ్చి, ఎన్ని చెంచాలు వేసుకోవాలో రెండుసార్లు చెప్పి వచ్చింది. ఆ రెండు నిమిషాలూ మొండి పెట్టె మీంచి కదల్లేదు. ఎదురుగా పెట్టెల మీది అక్షరాలు చదవాలని చూసింది గానీ ఒక్కటీ బుర్రకెక్కలేదు.

హీరోయినక్క మళ్ళీ కూర్చుని, ఈసారి గొంతు తగ్గించింది.

"గడియ చప్పుడు విన్నాను. అరుద్దామనుకున్నా. అప్పుడు వెనకనుంచి వినిపించింది. 'అరవద్దు. కెమెరా వైపే చూడు' అని. నీ గొంతే. నువ్వు షాటు మధ్యలో మెల్లగా చెప్తావు చూడు, అలాగే. ఓహో, ఇది కూడా సినిమాలో భాగమే కాబోలు, గది వెనకాల ఎక్కడో దాక్కుని చెప్తోంది అనుకున్నా. నిజం చెప్పాలంటే ధైర్యం వచ్చింది."

"ఏం చెప్పింది?"

"'ఊపిరి పట్టు' అంది. పట్టాను. 'వదలకు, నేను చెప్పేదాకా వదలకు' అంది. చెయ్యి గోడకి ఆనించమంది. ఎడమకి తిరగమంది. ఎంత తిరగాలో కూడా చెప్పింది, చెవి కనపడేంత అని. ఏడవొద్దంది, ఏడుపు గొంతులోనే ఉంచుకోమంది. నాటకాల్లో నాకు పదేళ్ళుగా ఎవరూ అంత బాగా చెప్పలేదు. అందరూ మెచ్చుకున్నారని మెసేజ్ పెట్టావే ఆ షాటు, దాంట్లో నా సొంతం ఏమీ లేదు. అంతా ఆవిడ చేయించిందే."

మొండి ఒళ్ళు జలదరించింది. ఆ క్షణంలోనే, ఆ జలదరింపు అడుగున ఇంకో భావం కదలడం కూడా ఆమెకి తెలిసింది. అది అసూయ. అంత మంచి సూచనలు తనకెందుకు తట్టలేదా అని. అది తెలిసి తనమీద తనకే అసహ్యం వేసింది.

"చివర్లో 'ఇంక చాలు' అంది" హీరోయినక్క చెప్పుకుపోయింది. "గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. నువ్వు బయటనుంచి లోపలికొచ్చావు. నేను నిన్ను చూసి, వెంటనే వెనక్కి చూశాను. గుర్తుందా? నువ్వేమో భయంతో అలా చూస్తున్నాననుకున్నావు."

మొండికి గుర్తుంది. ఆ చూపు కూడా సినిమాలో వాడుకుంది.

"అక్కా, మీరు ఆ గదిలో వేడికి..."

"అలాగే అనుకుందామని చూశాను. మా వారు కూడా అదే అన్నారు, గాలి లేని గది, బుర్ర తిరిగుంటుంది అని. మొన్న పొద్దున్న పాలగిన్నె దించబోతూ ఆగిపోయానట. పాలు పొంగి పొయ్యంతా పారాయి. మా అత్తగారు వచ్చి స్టవ్ కట్టేసి, 'ఎవరు చెప్తారని చూస్తున్నావే' అని అడిగింది. ఆవిడ ఊరికే అన్నది. నేను నిజంగానే చూస్తున్నాను. ఎవరో చెప్తారని. ఎంత ఎత్తాలో, ఎటు తిరగాలో."

ఆ మాటంటూ ఆమె చెయ్యి గాల్లో కొంచెం లేచి, అక్కడే ఆగింది. తర్వాత ఆమే గమనించి, ఒడిలోకి దించుకుంది.

"కాగితం ఇటివ్వు" అంది. "సంతకం పెడతాను. కానీ రెండు పనులు చెయ్యి. గడియ సంగతి నీ రిపోర్టులో రాయి. నీ చేత్తో, నీ పేరు కింద. రెండోది, ఆరోజు నా కాలర్‌కి చిన్న మైకొకటి పెట్టారు కదా, అది విను. విని నాకు మాత్రం చెప్పకు. అందులో ఏమున్నా చెప్పకు, ఏమీ లేకపోయినా చెప్పకు."

కాలర్ మైకు. మొండి దాని ఊసే మర్చిపోయింది. కొక్కేనికి కట్టిన మైకులో శబ్దం బాగా వచ్చిందని అదొక్కటే వాడుకుంది.

సంతకమున్న కాగితం సంచిలో పెట్టుకుని ఫిల్మ్ స్కూలుకి చేరేసరికి మూడున్నర. సౌండు గది రెండో అంతస్తులో ఉంటుంది. గోడలకి మందపాటి గుడ్డ, నేల మీద తివాచీ, తలుపు వేస్తే బయట బాంబు పడ్డా తెలియదు. అందులో కూర్చుని ఉండే కుర్రాడి పేరు పాముచెవి. రెండు గదుల అవతల కుళాయి కారినా కారుతోందని చెప్పగలడు, అందుకని ఆ పేరు. షూటింగ్‌లో మొండితో పాటు ఉన్నది అతనొక్కడే.

అతనికి ముందు గడియ సంగతి చెప్పింది. ఇవాళ రెండోసారి కాబట్టి కొంచెం సులువుగా వచ్చింది. పాముచెవి కుర్చీ వెనక్కి జరిపి ఆమె వంక చూశాడు.

"నన్ను వెల్డింగాయన దగ్గర కూర్చోబెట్టింది ఇందుకా?"

"కాదు. అప్పటికి నాకా ఆలోచన లేదు."

"ఆయన తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్తుంటే పదిహేను నిమిషాలు విన్నాను నేను. నువ్విక్కడ మనిషిని గదిలో పెట్టి గడియ వేశావు." అతను కుర్చీ మళ్ళీ ముందుకి జరుపుకున్నాడు. "సరే. కాలర్ మైకు ఫైలు నా దగ్గరే ఉంది. నేనూ వినలేదు."

ఇద్దరూ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. తెర మీద శబ్దం గీతలా పరుచుకుని, ముందుకి జరగసాగింది. మొదట గుడ్డ రాపిడి, అడుగుల చప్పుడు, తలుపు దగ్గరికేసిన చప్పుడు. గది మూలన పాత ఫ్యానొకటి తిరుగుతున్న రొద సన్నగా, ఆగకుండా ఉంది. మూడు నిమిషాల దగ్గర ఇనుము మెత్తగా జారింది. మొండి కళ్ళు మూసుకుంది. తన చేతులు ఇంత జాగ్రత్తగా చేశాయా అనిపించింది.

తర్వాత హీరోయినక్క ఊపిరి వేగం పెరిగింది. ఒకచోట చటుక్కున ఆగింది. కాసేపటికి ఆమె గొంతు, గుసగుసగా, "సరే" అంది.

పాముచెవి మొండి వంక చూశాడు.

మళ్ళీ కాస్త ఎడం. "ఇలాగా?" అంది హీరోయినక్క. మళ్ళీ ఎడం. "ఇంకొంచెమా?" అంది. ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్న మనిషి పక్కన నిలబడితే ఎలా వినిపిస్తుందో అలా ఉంది. అటువైపు మాట ఒక్కటీ లేదు.

"తనలో తనే మాట్లాడుకుందేమో" అంది మొండి. తన గొంతు తనకే పీలగా వినిపించింది.

పాముచెవి ఫైలుని వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. మళ్ళీ జరిపాడు. శబ్దం గీతని పెద్దది చేసి, ఆమె మాటల మధ్య ఎడాన్ని వేలితో చూపించాడు.

"ఇక్కడ చూడు. 'సరే'కి ముందు."

గీత తిన్నగా, గీసినట్టుంది.

"మాట లేదు కాబట్టి అలా ఉంది" అంది మొండి.

"మాట లేకపోతే ఫ్యానుండాలి. గది ఉండాలి. నిశ్శబ్దం అంటే ఇలా ఉండదు, నీకూ తెలుసు. ఇక్కడ ఏమీ లేదు. ఆమె ఊపిరి లేదు, గుడ్డ రాపిడి లేదు, ఫ్యాను లేదు. మూడు సెకన్లు. మళ్ళీ అన్నీ మామూలే." అతను తర్వాతి ఎడం చూపించాడు. "ఇక్కడ ఐదు సెకన్లు. ఇక్కడ రెండు. ఎవరో మాట్లాడినంతసేపూ, ఆ మాటతోపాటు గది మొత్తాన్ని చెరిపేసినట్టుంది. నేను చెరపలేదు. ఇంత శుభ్రంగా చెరపడం నాకు చేతకాదు కూడా."

అతను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. మామూలుగా పాముచెవి దేన్నీ అంత దూరంగా పెట్టడు.

"ఈ సినిమా ఇవ్వకు" అన్నాడు. "ఇంకో వారం అడుగు. పదిహేడో షాటు తీసేసి ఇద్దాం."

"అది తీసేస్తే సినిమా ఉండదు."

"ఉండకపోతే పోనీ."

మొండి పట్టిన పట్టు ఎప్పుడూ విడిచిన మనిషి కాదు. ఆ షాటు కోసమే మూడేళ్ళు చదివినట్టు తొమ్మిది రోజులుగా మురిసిపోయింది. ఇప్పుడు కళ్ళముందు మాత్రం గాల్లో లేచి ఆగిపోయిన ఒక చెయ్యే ఉంది. సంచిలోంచి నివేదిక తీసింది. బల్ల మీద పెట్టి, ఆఖర్న మిగిలిన చోట రాసింది. నటికి చెప్పకుండా మూడు నిమిషాల తర్వాత బయట గడియ పెట్టాను, ఎనిమిది నిమిషాలు తీయలేదు, ఇరుక్కుందని అందరికీ అబద్ధం చెప్పాను. భయం కావాలంటే అడిగి తీసుకోవాలి, దొంగిలించకూడదు. దొంగిలించిన షాటుని నేను తీశానని చెప్పుకునే హక్కు నాకు లేదు. అందుకని పదిహేడో షాటుని వెనక్కి తీసుకుంటున్నాను. కింద సంతకం పెట్టింది. రాయడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

"నేనూ వస్తాను" అన్నాడు పాముచెవి.

"వద్దు. ఇది నేనే చెప్పాలి."

ఎడిటింగ్ గది కింది అంతస్తులో, నడవ చివర. కిటికీలకి నల్ల తెరలు, లోపల ఎప్పుడూ ఒకటే వెలుతురు. మాస్టారు తెర ముందు కూర్చుని ఉన్నారు. ఎప్పటిలాగే కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, టీ గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయి ఉన్నారు. అడుగుల చప్పుడు విని, వెనక్కి తిరక్కుండానే, "మళ్ళీ ఏం మర్చిపోయావమ్మాయ్" అన్నారు.

"మాస్టారూ, మీతో ఒక మాట చెప్పాలి" అని మొదలుపెట్టింది మొండి. తర్వాత ఆయనన్న మాట బుర్రకెక్కింది. "మళ్ళీ అంటే? నేను పొద్దుట్నుంచీ ఇటు రాలేదండీ."

ఆయన నవ్వారు. "అరగంట నా పక్కన కూర్చుని, నా చేత నాలుగు కట్‌లు మార్పించి, ఇప్పుడే కదా లేచివెళ్ళావు. ఆ కుర్చీ ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుంది. అయినా నువ్వు మార్పించినవి బాగున్నాయి. కొత్త షాటు అయితే ఇంకా బాగుంది. ముందే ఇవ్వాల్సింది, ఎందుకు దాచావు?"

"కొత్త షాటేంటి మాస్టారూ?"

"పదిహేడో షాటు తర్వాతది. అందులో ఉన్నది ఎవరో నాకు తెలీదనుకున్నావా? నువ్వే నటించావు. దర్శకురాలు తనని తనే అలా చూపించుకోవడానికి గుండె నిబ్బరం కావాలి." ఆయన గ్లాసు పక్కనపెట్టి మీట నొక్కారు.

తెర మీద లాండ్రీ నడవ కనిపించింది. సున్నం పెచ్చులూడిన గోడ, చివర ఆరబెట్టే గది తలుపు. తలుపు ముందు ఒకమ్మాయి, వీపు ఇటువైపు పెట్టి నిలబడి ఉంది. ఆరోజు మొండి వేసుకున్న నీలం చొక్కాయే. రెండు చేతులతో గడియ పట్టుకుని మెల్లగా, చప్పుడు కాకుండా నెడుతోంది.

జట్టు మొత్తానికి కెమెరా ఒక్కటే. ఆ సమయంలో అది తలుపు లోపల ఉంది. నడవలో మొండి తప్ప ఇంకెవరూ లేరు.

మొండి చేతిలో నివేదిక నలిగింది. "ఆపండి మాస్టారూ" అనబోయింది. తెర మీది అమ్మాయి గడియ వేసి, తలుపుకి చెవి ఆనించింది. అలాగే నిలబడింది. కెమెరా మాత్రం కదులుతోంది. నడవలో ఒక్కో అడుగు ముందుకేస్తూ, ఆ వీపుకి దగ్గరవుతోంది. జడ పాయలు కనిపిస్తున్నాయి. చొక్కా మెడ మీద కుట్టు కనిపిస్తోంది.

"ఇప్పుడు చూడు" అన్నారు మాస్టారు మెచ్చుకోలుగా. "ఇక్కడ తిరిగిన తీరు చూడు."

తెర మీది అమ్మాయి తలుపు మీంచి చెవి తీసి, తొందర లేకుండా వెనక్కి తిరిగి, సూటిగా ఇటువైపు చూసింది.

మొండికి బాగా గుర్తుంది. ఆరోజు ఆ నడవలో ఉన్నంతసేపూ తను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.